సంపెంగ రోడ్డు, వేప రోడ్డు: బెంగళూరు మల్లేశ్వరం



బెంగళూరులో పక్కపక్కనే సాగే రెండు పెద్ద రోడ్లకు చెట్ల పేర్లున్న పేట ఒకటుంది. ఒకటి సంపిగె రోడ్డు, అంటే మన సంపెంగ. రెండోది మార్గోసా రోడ్డు, అంటే వేప. ఈ రెంటినీ అడ్డంగా కోస్తూ ఒకటో క్రాస్ నుంచి పద్దెనిమిదో క్రాస్ దాకా చిన్న వీధులు. ఆ పేటే మల్లేశ్వరం. అక్కడి అంగళ్లు, టిఫిన్ హోటళ్లు, గుళ్లు, చెరువు గురించి ఈ పూట చెప్పుకుందాం. వందేళ్లు దాటినా ఈ పేట తన తీరు ఇంతగా ఎలా నిలుపుకుందన్నది అంతకన్నా ముఖ్యమైన సంగతి. దానికి జవాబు చాలావరకు ఆ చెట్ల నీడలోనే ఉంది.

ఈ పేట ఎదుగుదల వెనక ఒక పెద్ద భయం ఉంది. 1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. చిక్కపేట చుట్టుపక్కల పాత పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండేవి. గాలి ఆడదు, ఎండ పడదు, ఎలుకలకు మాత్రం లోటు లేదు. జనం పిట్టల్లా రాలిపోయారు. మైసూరు సంస్థానం అప్పటికే ఊరి బయట కొత్త పేటలు కట్టాలన్న ఆలోచనలో ఉంది. ప్లేగు రావడంతో ఆ పని ఊపందుకుంది. దక్షిణాన బసవనగుడి, ఉత్తరాన మల్లేశ్వరం అలా పెరిగాయి. రోడ్లు తిన్నగా, ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం, ముందూ వెనకా కాస్త పెరడు, రోడ్డుకు రెండువైపులా చెట్లు. ఆ రోజుల్లో చెట్టును అందం కోసం పెట్టలేదు, మనిషి ప్రాణం కోసం పెట్టారు. మల్లేశ్వరం వీధుల్లో నడిచేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇళ్ల వెనక వైపు సన్నని సందులు కూడా అప్పుడే వేశారు. ఇంటింటి మరుగుదొడ్డినీ శుభ్రం చేసే పనివాళ్లు వీధిలోకి రాకుండా, ఆ సందుల్లోంచే వచ్చి పోవాలన్నది అప్పటి ఏర్పాటు. ఊరి ఆరోగ్యమంతా వాళ్ల చేతుల మీద నడిచింది, వాళ్లకు దక్కింది మాత్రం వెనక సందు. భూగర్భ మురుగు కాలువలు వచ్చాక ఆ సందులు చెత్తకుప్పలుగా మారాయి. ఈమధ్య కొన్నింటిని ఊడ్చి, గోడలకు బొమ్మలు వేసి, నడకదారులుగా చేస్తున్నారు. సంపిగె రోడ్డు మీద బళ్ల మోత భరించలేనివాళ్లకు ఆ సందులు మంచి దారి.

చెట్ల సంగతికి వద్దాం. పేరున్నన్ని సంపెంగలు ఇప్పుడు సంపిగె రోడ్డు మీద కనిపించవు. కానీ అడ్డ వీధుల్లోకి తిరిగితే నిద్రగన్నేరు, కానుగ, వేప, గుల్‌మొహర్, ఇంకా నీలిపూల జకరండా, గులాబీ పూల టబేబుయా కూడా కనిపిస్తాయి. బెంగళూరులో ఏడాది పొడుగునా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండేలా మొక్కలు ఎంచి నాటడం వెనక జర్మనీ ఉద్యానవేత్త క్రుంబీగల్ ఆలోచన ఉందంటారు. ఆయన 1908లో లాల్‌బాగ్‌లో పనికి వచ్చారు. ఆ తరువాత 1980లలో అటవీశాఖ అధికారి నేగిన్‌హాళ్ ఆధ్వర్యంలో నగరమంతటా దాదాపు 15 లక్షల మొక్కలు నాటారు. పశువులు మేయకుండా మొక్కమొక్కకూ కంచె కట్టించి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లను కాపలాకు ఒప్పించి చేసిన పని అది. నేడు బెంగళూరులో ఎవరైనా ఒక చెట్టు కింద బండి నిలుపుకుని ఊపిరి పీల్చుకున్నారంటే ఇలాంటివాళ్ల పుణ్యమే.

ఇక అంగళ్లు. మల్లేశ్వరం వ్యాపారానికి గుండెకాయ ఎనిమిదో క్రాస్. అక్కడ సగం సరుకు పైకప్పు కింద ఉండదు. ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరిచి కొత్తిమీర, మెంతి, సబ్సిగె అనే సోయకూర కట్టలు పేర్చుకున్న అమ్మలు, ఆ పక్కన తమలపాకుల బుట్ట, దాని పక్కన అరటాకుల కట్ట, ఆ వెంటనే పూలు. మల్లె, కనకాంబరం, సేవంతి దండలను మూరల లెక్కన కొలిచి ఇస్తారు. మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి, చివర్లో ఒక వేలెడు ఎక్కువ వదిలి తుంచితేనే కొన్నవాళ్ల ముఖం విచ్చుకుంటుంది. వరలక్ష్మీ వ్రతం ముందురోజూ, వినాయక చవితి ముందురోజూ ఆ వీధిలో కాలు పెట్టడానికి చోటు దొరకదు. సంక్రాంతికి నువ్వులు, బెల్లం, కొబ్బరి, వేరుశనగ కలిపిన ఎళ్లు బెల్లం పొట్లాలు, చక్కెర అచ్చు బొమ్మలు వస్తాయి. ఉగాదికి మన దగ్గరిలాగే వేపపూత, మామిడాకులు.

డిసెంబరు, జనవరి నెలల్లో వెళితే రాయలసీమవాళ్లకు అక్కడ పుట్టింటి వాసన తగులుతుంది. ఆ రోజుల్లో అంగడంతా అవరెకాయే. చిత్తూరు, అనంతపురం జిల్లాల్లో మనం అనపకాయ అంటాం, అదే ఇది. మంచు పడ్డ రోజుల్లో కాసిన కాయకు ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుంది, వేళ్లకు పట్టుకుంటే ఒకంతట వదలదు. గింజలు వలిచి, నీళ్లలో నానబెట్టి, రెండు వేళ్ల మధ్య ఒత్తితే తోలు వెనక్కి జారి లోపలి పప్పు టప్పున బయటికి దూకుతుంది. దాన్నే మనవాళ్లు పితికిన పప్పు అంటారు. ఇంట్లో ఓపిక లేనివాళ్ల కోసం అక్కడ పితికిన పప్పునే తూచి అమ్ముతారు. కిలో పప్పు పితకడమంటే ఎన్ని వేల ఒత్తిళ్లో ఆలోచించి, ధర దగ్గర బేరం ఆడకుండా ఉంటే మంచిది.

పెద్ద అంగళ్లు లేవని కాదు. సంపిగె రోడ్డు పొడుగునా చీరల కొట్లు, వెండి సామాను కొట్లు, పాత్రల కొట్లు, పూజాసామగ్రి కొట్లు ఉన్నాయి. 1951 నాటి ఆశా స్వీట్స్ ఉంది. రోడ్డు మొదట్లో, ఒకప్పటి రాజా మిల్లు స్థలంలో 2010లో మంత్రి స్క్వేర్ మాల్ వచ్చింది. అది వచ్చినప్పుడు ఎనిమిదో క్రాస్ పని అయిపోయినట్టేనని చాలామంది అనుకున్నారు. అలా జరగలేదు. మాల్‌లో తాజా తమలపాకు దొరకదు, మూరెడు మల్లెపూలు దొరకవు, పొద్దున్నే గుడికి పోతూ దారిలో కొనుక్కునే వీలు అసలే లేదు. నడిచి వెళ్లేవాళ్లు ఉన్నంతకాలం ఫుట్‌పాత్ వ్యాపారం బతుకుతుంది. ఎండలో ఎవరూ నడవరు కాబట్టి, నీడ ఉన్నంతకాలమే నడిచేవాళ్లు ఉంటారు.

తిండి సంగతి చెప్పకుండా మల్లేశ్వరం గురించి మాట్లాడటం కుదరదు. మార్గోసా రోడ్డు, ఏడో క్రాస్ కలిసే చోట సెంట్రల్ టిఫిన్ రూమ్ ఉంది. ఇప్పుడు దాని పేరు శ్రీ సాగర్. అయినా జనం నోట సీటీఆరే. అక్కడి బెణ్ణె మసాలె దోసె కోసం బయట ఫుట్‌పాత్ మీద జనం నిలబడి ఉంటారు. బెణ్ణె అంటే వెన్న. మన విజయవాడ దోసెలా పళ్లెం దాటిపోయే పెద్ద దోసె కాదు. చిన్నది, మందంగా ఉంటుంది. పైన ముదురు బంగారు రంగులో కరకరలాడుతూ, లోపల దూదిలా మెత్తగా ఉంటుంది. మధ్యలో బంగాళదుంప కూర, దాన్ని పల్య అంటారు. పక్కన పల్చని పచ్చి కొబ్బరి చట్నీ. వేలితో నొక్కితే దోసె మీద వెన్న చెమర్చుతుంది. బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఉంటే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్ల ఎదుట కూర్చుని తినాలి. పెద్ద కారులో వచ్చినవారికైనా, పూలబుట్ట దించి వచ్చిన ఆమెకైనా అదే బల్ల.

అక్కడి నుంచి పదిహేనో క్రాస్ దాకా పోతే 1977 నాటి వీణా స్టోర్స్. పేరు విని ఏ కిరాణా కొట్టో అనుకునేరు, అది ఇడ్లీ కొట్టు. కూర్చునే చోటే లేదు. ఇడ్లీ మీద చట్నీ ధారాళంగా పోసి ఇస్తారు, సాంబారు ఉండదు. ప్లేటు పట్టుకుని జనం ఫుట్‌పాత్ మీద, చెట్టు మొదట్లో, ఆపిన స్కూటరు సీటు మీద తింటారు. పొద్దున ఆరున్నర, ఏడు గంటలకే షికారు ముగించుకున్న పెద్దలు, కాలేజీ పిల్లలు, ఆటో డ్రైవర్లు ఒకేచోట నిలబడి ఉంటారు. మల్లేశ్వరం రైల్వే స్టేషన్ పక్కన రాఘవేంద్ర స్టోర్స్‌లోనూ ఇలాగే నిలబడి తినడమే. ఎనిమిదో క్రాస్‌లో జనతా హోటల్, సంపిగె రోడ్డు మీద రాగి రొట్టె, అక్కి రొట్టె పెట్టే హళ్లిమనె, ఇలా చెప్పుకుంటూ పోతే ఈ పూట చాలదు. ఎక్కడికి వెళ్లినా చివరికి ఫిల్టర్ కాఫీ. ఒక కాఫీని ఇద్దరు పంచుకోవడం బెంగళూరులో నామోషీ కాదు. బై టూ అంటే చాలు, రెండు లోటాల్లో సమంగా పోసి తెస్తారు.

అన్నీ నిలవలేదు. 1954 నుంచి సంపిగె రోడ్డు మీద నడిచిన న్యూ కృష్ణ భవన్ 2018లో మూతపడింది. ఆకుపచ్చ మసాలా ఇడ్లీకి పేరుపడ్డ హోటలది. స్థలం విలువ దోసె విలువను దాటిపోయిన చోట ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. ఉన్నవాటి విలువ ఇప్పుడే తెలుసుకోవాలి.

పేటకు పేరిచ్చిన గుడి కాడు మల్లేశ్వర స్వామిది, అంటే అడవి మల్లేశ్వరుడు. మన శ్రీశైల మల్లన్న పేరే ఇక్కడి శివుడికి. గుడి చుట్టూ ఇప్పటికీ పెద్ద చెట్లు, రావి చెట్ల కింద నాగప్రతిమలు. శివాజీ సవతి తమ్ముడు వెంకోజీ 1669లో ఈ స్వామికి ఒక ఊరిని మాన్యంగా ఇచ్చినట్టు శాసనం ఉంది. ఆ వెంకోజీయే తరువాత తంజావూరులో మరాఠా రాజ్యం స్థాపించాడు. ఆయన కొడుకు షాహజీ తెలుగులో యక్షగానాలు రాసినవాడు. అంటే బెంగళూరు గుడికి మాన్యమిచ్చిన ఇంటి నుంచే మన భాషకు ఒక కవిరాజు వచ్చాడన్నమాట.

గుడికి ఎదురుగా నంది తీర్థం. 1997 దాకా అది అక్కడ ఉందని ఈ తరంవాళ్లెవరికీ తెలియదు. నేల తవ్వుతుంటే రాతి కట్టడం బయటపడింది. మట్టి తీసేసరికి మెట్లు, మంటపం, నడుమ కోనేరు కనిపించాయి. పైన నంది, దాని నోట్లోంచి నీరు ధారగా వచ్చి కింద శివలింగం మీద పడుతుంది. పడిన నీరు కోనేటిలోకి చేరుతుంది. వీధిమట్టం నుంచి మెట్లు దిగుతుంటే బళ్ల మోత తగ్గి ఆ ధార చప్పుడు పెరుగుతుంది. గుళ్లు చూసే అలవాటు లేనివాళ్లు కూడా ఇది చూడాలి.

ఈ వీధుల్లో బతికిన పెద్దవాళ్లలో మనకు దగ్గరివాళ్లూ ఉన్నారు. 1930లో నోబెల్ బహుమతి అందుకున్న సి. వి. రామన్ 1933లో భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా బెంగళూరు వచ్చారు. పదిహేనో క్రాస్ దగ్గర ఆయన ఇల్లు పంచవటి ఇప్పటికీ ఉంది, చెట్ల మధ్యనే ఉంది. విశాఖపట్నంలో చదువుకున్న పిల్లవాడు ఆయన. తండ్రి అక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకుడు. ఇక బి. సరోజాదేవి. ‘పాండురంగ మహాత్మ్యం’, ‘జగదేకవీరుని కథ’ చూసిన ఏ తెలుగు ఇంటికీ ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. ఆమె ఇల్లు మల్లేశ్వరంలోనే. 2025 జూలైలో అక్కడే కన్నుమూశారు.

బ్యాడ్మింటన్ అభిమానులకు మల్లేశ్వరంలోని కెనరా యూనియన్ హాలు ఒక తీర్థం లాంటిది. అది పెళ్లిళ్లు జరిగే హాలు. ప్రకాశ్ పదుకొణె చిన్నప్పుడు ఆట నేర్చుకున్నది అందులోనే. పెళ్లి ఉన్న రోజు ఆట లేదు. ఆ హాలు నుంచి బయలుదేరిన కుర్రవాడు 1980లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. ఆయన పెట్టిన అకాడమీలో సాధన చేసిన మన గోపీచంద్ 2001లో అదే టైటిల్ తెచ్చాడు.

తూర్పు వైపు వయ్యాలికావల్‌కు వెళితే తిరుమల తిరుపతి దేవస్థానం వారి వేంకటేశ్వరాలయం ఉంది. ఆ చుట్టుపక్కలే చౌడయ్య మెమోరియల్ హాలు. 1980లో తెరిచిన ఈ భవనాన్ని వయొలిన్ ఆకారంలో కట్టారు. తీగలు, బిరడాలు, కమాను అన్నీ కట్టడంలోనే కనిపిస్తాయి. మైసూరు చౌడయ్య ఏడు తీగల వయొలిన్‌తో పేరుపొందిన విద్వాంసుడు. మైకులు లేని రోజుల్లో సభ చివర కూర్చున్నవారికీ వినిపించాలని ఆయన తీగలు పెంచారు. పద్నాలుగో క్రాస్‌లో సేవాసదన్ అనే మరో సభాస్థలం కూడా ఉంది. ఈ హాళ్లలో ఏ సాయంత్రం కచేరీ విన్నా త్యాగరాజస్వామి కీర్తనలే ఎక్కువ. పాడేవారు కన్నడిగులు, వినేవారిలో తమిళులు, పాట తెలుగు.

ఉత్తరం కొసన శాంకీ చెరువు. మద్రాసు సాపర్స్ సైనిక దళానికి చెందిన కల్నల్ శాంకీ 1882లో ఊరి తాగునీటి అవసరాల కోసం కట్టించాడు. దాదాపు 37 ఎకరాల విస్తీర్ణం. కట్ట చుట్టూ నడకదారి వేశారు. తెల్లవారుజామున, సాయంత్రం అక్కడ జనం బారులు తీరి నడుస్తారు. నీటి పైన కొంగలు, నీటికాకులు తిరుగుతుంటాయి.

ఆ చెరువు పక్క రోడ్డే ఇప్పుడు పేట వాసులకు గుండె దడ. బళ్లు పెరిగాయి, రోడ్డు వెడల్పు చేయాలంటారు. వెడల్పు చేయాలంటే మొదట గొడ్డలి పడేది చెట్టు మీదే. 2011లో శాంకీ రోడ్డు చెట్లు కొట్టవద్దని జనం రోడ్డెక్కారు. 2023లో అదే దారిలో ఫ్లైఓవర్ కడతామన్నప్పుడు మళ్లీ వచ్చారు. బడిపిల్లలు, గృహిణులు, ఎనభై ఏళ్ల తాతలు అట్టలు పట్టుకుని నడిచారు. ట్రాఫిక్ బాధ నిజమే, కాదనలేం. కానీ ఒక్కో చెట్టు ఒక తరం కష్టం. రోడ్డు వెడల్పు చేసిన చోట బళ్లు మళ్లీ నిండటం మన హైదరాబాదులోనూ చూస్తూనే ఉన్నాం. నీడ పోయిన రోజున ఎనిమిదో క్రాస్ పూలమ్మ ఎక్కడ కూర్చుంటుంది? వీణా స్టోర్స్ ముందు ఇడ్లీ ప్లేటు పట్టుకుని ఎవరు నిలబడతారు? మల్లేశ్వరం చెట్ల పక్షాన నిలబడ్డవాళ్లు న్యాయం మాట్లాడుతున్నారనే చెప్పాలి.

వెళ్లాలనుకునే శ్రోతలకు నాలుగు మాటలు. కారు వద్దు, ఆపడానికి చోటు దొరకదు. కాచిగూడ నుంచి వచ్చే వందే భారత్ చివరి స్టేషన్ యశ్వంతపురం. అక్కడ గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే ఆరో స్టేషన్ మంత్రి స్క్వేర్ సంపిగె రోడ్డు. మర్నాడు పొద్దున్నే టిఫిన్ వేళకు చేరుకుంటే ఎండ ముదిరేలోపు పద్దెనిమిదో క్రాస్ దాకా నడవవచ్చు. చేతిలో గుడ్డసంచీ, జేబులో చిల్లర ఉంచుకోండి. ఫుట్‌పాత్ మీద కూర్చున్నవారి దగ్గర ఏదో ఒకటి కొనండి. అనపకాయ తినాలంటే మాత్రం సంక్రాంతి ముందే వెళ్లండి.